కొండకు పోయుండాడా, పోయొచ్చినాడా?

మన క్లాసులో ఎవర్ని నిద్రలేపి అడిగినా ఇంగ్లీషులో టెన్సులు పన్నెండు అని చెప్తారు. పాస్ట్, ప్రెజెంట్, ఫ్యూచర్ అడ్డంగా మూడు. సింపుల్, కంటిన్యువస్, పర్ఫెక్ట్, పర్ఫెక్ట్ కంటిన్యువస్ నిలువుగా నాలుగు. మూడు నాల్గులు పన్నెండు. ఆ గళ్ళ చార్టు కింద కూర్చునే మనమంతా పెద్దయ్యాం. వీ వన్, వీ టూ, వీ త్రీ అని గో, వెంట్, గాన్ వల్లించాం.

ఇప్పుడు అదే క్లాసులో ఏదో ఒక మినీ ప్రాజెక్ట్ రిపోర్ట్ తెరవండి. మొదటి వాక్యం 'వి విల్ కలెక్ట్ ద డేటా' అని ఉంటుంది. రెండోది 'వి ఆర్ క్లీనింగ్ ద డేటా'. మూడోది 'ద మోడల్ వాజ్ ట్రెయిన్డ్'. నాలుగోది మళ్ళీ 'ఇట్ విల్ గివ్ గుడ్ యాక్యురసీ'. నాలుగు వాక్యాలూ విడివిడిగా గ్రామర్ ప్రకారం కరెక్టే. కలిపి చదివితే మాత్రం డేటా తెచ్చారా, తేబోతున్నారా, మోడల్ నిజంగా నడిచిందా లేదా అనేది ఎవరికీ అర్థం కాదు.

తెలుగు క్లబ్ మ్యాగజైన్‌లో ఇంగ్లీషు టెన్సుల గోల ఏంటని మీరు అడగొచ్చు. నా అభిప్రాయం ఏంటంటే ఇది సగానికి పైగా తెలుగు ప్రశ్న. మనకు ఇంగ్లీషు రాక ఈ తిప్పలు రావట్లేదు. మన తెలుగులో క్రియ కాలాన్ని ఎలా చెప్తుందో మనం ఒక్కసారి కూడా ఆగి చూడలేదు, అందుకే వస్తున్నాయి. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియంలో చదివిన నాలాంటి వాళ్ళకు ఇది ఇంకా ఎక్కువ వర్తిస్తుంది.

ఉదాహరణకు చార్టులో అందరూ భయపడే గడి తీసుకుందాం. ప్రెజెంట్ పర్ఫెక్ట్. 'హి వెంట్ టు తిరుమల', 'హి హ్యాజ్ గాన్ టు తిరుమల', 'హి హ్యాజ్ బీన్ టు తిరుమల' మూడింటికీ తేడా ఏంటి? గైడ్లలో అర పేజీ వివరణ ఉంటుంది. మా చిత్తూరు వైపు ఏ అవ్వనైనా అడగండి, ఒక్క మాటలో తేల్చేస్తుంది. 'కొండకు పోయినాడు' అంటే ఎప్పుడో పోయాడు, అంతే. 'కొండకు పోయుండాడు' అంటే పోయాడు, ఇంకా రాలేదు, ఇప్పుడు ఇంటికొస్తే దొరకడు. 'కొండకు పోయొచ్చినాడు' అంటే పోవడమూ అయింది, తిరిగి రావడమూ అయింది, లడ్డు అడిగితే పెడతాడు. హ్యాజ్ గాన్, హ్యాజ్ బీన్ మధ్య తేడా దాదాపు ఇదే. తిరుపతిలో ఇళ్ళల్లో రోజూ వాడే మాటలివి.

'మామ వచ్చినాడు' అనేదానికీ 'మామ వచ్చుండాడు' అనేదానికీ కూడా అంతే తేడా. మొదటిది జరిగిన విషయం. రెండోదాంట్లో మామ హాల్లో కూర్చొని ఉన్నాడు, కాఫీ పెట్టాలి. జరిగిపోయిన పని ఫలితం ఇప్పుడు కళ్ళముందు ఉంటే ఇంగ్లీషువాడు 'హ్యాజ్ కమ్' అంటాడు, మనం 'వచ్చుండాడు' అంటాం. నామిని సుబ్రహ్మణ్యం నాయుడు గారు 'పచ్చనాకు సాక్షిగా' కథల్ని మన జిల్లా మాటల్లోనే రాశారు. అవి చదివిన వాళ్ళకు ఈ భాషలో ఎంత పదును ఉందో నేను చెప్పాల్సిన పని లేదు. ఈ మాటల్ని బడిలో 'మోటు' అని దిద్ది, వాటి అర్థాన్నే మళ్ళీ 'హ్యావ్ ప్లస్ వీ త్రీ' అనే ఫార్ములాగా కొత్తగా నేర్పించారు. చేతిలో ఉన్న తాళంచెవిని పారేసి తలుపు పగలగొట్టడం నేర్చుకున్నట్టు అయింది మన పని.

అలాగని తెలుగు అన్నిచోట్లా దారి చూపిస్తుందని కాదు. కొన్నిచోట్ల తప్పుదారి పట్టిస్తుంది కూడా. ఏ చోట అనేది తెలిస్తే చాలు.

అన్నిటికన్నా పెద్దది 'తాడు' రూపం. 'రేపు వస్తాడు' అంటే భవిష్యత్తు. 'రోజూ వస్తాడు' అంటే అలవాటు. తెలుగులో రెండింటికీ ఒకటే క్రియ. భద్రిరాజు కృష్ణమూర్తి గారు, జె.పి.ఎల్. గ్విన్ కలిసి 1985లో తెచ్చిన ఆధునిక తెలుగు వ్యాకరణంలో ఈ రూపానికి పెట్టిన పేరే 'ఫ్యూచర్ హ్యాబిచువల్'. అంటే భవిష్యత్తూ అలవాటూ కలిపి ఒకే పెట్టె. ఇంగ్లీషులో ఇవి రెండు వేర్వేరు పెట్టెలు. మనం మాత్రం 'తాడు' కనిపించిన ప్రతిచోటా 'విల్' పెట్టేస్తాం. 'మా హాస్టల్లో ఆదివారం చికెన్ పెడతారు' అనేది 'దే విల్ గివ్ చికెన్' అవుతుంది. అవతలివాడు వచ్చే ఆదివారం గురించి చెప్తున్నారనుకుంటాడు. సినిమా కథ చెప్పేటప్పుడు చూడండి: హీరో వస్తాడు, విలన్ని కొడతాడు, హీరోయిన్ చూస్తుంది. దాన్ని ఇంగ్లీషులో రాస్తే 'హీరో విల్ కమ్, హి విల్ బీట్' అయిపోతుంది. ఇంగ్లీషులో కథ చెప్పడానికి సింపుల్ ప్రెజెంట్ వాడతారు: హీరో కమ్స్, బీట్స్. రిపోర్టులో 'ద మాడ్యూల్ విల్ టేక్ ద ఇన్‌పుట్ అండ్ విల్ గివ్ ద అవుట్‌పుట్' అని మనం రాసేది కూడా ఈ సినిమా కథ పద్ధతే. మాడ్యూల్ ఇన్‌పుట్ తీసుకుంటుంది, అవుట్‌పుట్ ఇస్తుంది. అది దాని స్వభావం. టేక్స్, గివ్స్ చాలు.

'స్వభావం' అనే మాట ఊరికే వాడలేదు. పాత తెలుగు వ్యాకరణంలో భూత, వర్తమాన, భవిష్యత్ కాలాలతో పాటు నాలుగోది ఒకటి ఉంది: తద్ధర్మం. ఒక వస్తువు ధర్మాన్ని, ఎప్పుడూ ఉండే లక్షణాన్ని చెప్పేది. సూర్యుడు తూర్పున ఉదయించును అన్నట్టు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలోనే దీన్ని విడిగా పేరు పెట్టి చూపించాడు. తెలుగు పరీక్షలో రెండు మార్కుల కోసం మనం బట్టీ కొట్టి మర్చిపోయిన ఆ తద్ధర్మమే ఇంగ్లీషు సింపుల్ ప్రెజెంట్ చేసే ముఖ్యమైన పని. 'వాటర్ బాయిల్స్ ఎట్ హండ్రెడ్ డిగ్రీస్'లో బాయిల్స్ ఏ క్షణం గురించీ కాదు, నీటి ధర్మం గురించి. ఆ క్లాసులో ఎవరైనా ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఉంటే మనకు పదేళ్ళ గందరగోళం తప్పేది.

తద్ధర్మం పోలేదు, మన చుట్టూనే ఉంది. తిరుపతి స్టేషన్లో నిలబడితే రైలు ఫలానా ప్లాట్‌ఫారం మీదికి 'వచ్చును' అని మైకులో వినిపిస్తుంది. కౌంటర్ల దగ్గర బోర్డుల మీద 'ఇవ్వబడును' అని ఉంటుంది. ఆ 'ఇవ్వబడును' అంటే ఇప్పుడిస్తున్నారా, రేపిస్తారా, రోజూ ఇస్తారా? మూడూ కావచ్చు. సందర్భం చూసి మనం అర్థం చేసుకుంటాం. దాన్ని మాటకు మాట 'విల్ బి గివెన్' అని ఇంగ్లీషులో పెడితే, బయటి రాష్ట్రం నుంచి వచ్చిన మనిషి ఎప్పుడిస్తారా అని అక్కడే నిలబడతాడు.

రెండో చిక్కు 'ఉన్నాను'. 'ఇప్పుడు ఇంట్లో ఉన్నాను', 'నిన్న ఇంట్లో ఉన్నాను'. పుస్తకాల తెలుగులో యామ్‌కీ వాజ్‌కీ ఒకటే రూపం. ఇక 'ఆయన మా సార్' అన్నప్పుడు అసలు క్రియే లేదు. అందుకే ఈజ్, వాజ్ మధ్య మన చెయ్యి తడబడుతుంది. ఇక్కడ కూడా మా పక్క మాట నయం. 'ఇల్లు ఆడ ఉండాది' అంటే ఇప్పుడు ఉంది. 'ఇల్లు ఆడ ఉన్నింది' అంటే ఒకప్పుడు ఉండేది. ఈజ్, వాజ్. ఇంతే.

మూడోది, తెలుగు మీద తోసేసే తప్పు. 'ఐ డిడ్ నాట్ వెంట్' అని ఎవరైనా రాస్తే 'తెలుగులో ఆలోచించి రాశాడు' అని నవ్వుతారు. నిజంగా తెలుగులో ఆలోచించి ఉంటే అలా రాయడు. 'వచ్చాను'కి వ్యతిరేకం ఏంటి? రాలేదు. 'వచ్చాలేదు' అని చిన్నపిల్లాడు కూడా అనడు. 'లేదు' వచ్చి చేరిందంటే అసలు క్రియ కాలం గుర్తును వదిలేసి 'రా'గా మిగిలిపోతుంది. ఇంగ్లీషులో కూడా 'డిడ్ నాట్' వచ్చిందంటే వెంట్ కాస్తా గో అవుతుంది. రెండు భాషల్లోనూ ఈ ఒక్క విషయంలో పద్ధతి ఒకటే. 'ఐ యామ్ నోయింగ్' సంగతీ అంతే. 'నాకు తెలుసు' అంటాం కానీ 'నేను తెలుస్తున్నాను' అనం కదా. ఈ తప్పులు తెలుగు వల్ల రాలేదు. ఫార్ములాను అర్థం లేకుండా అన్నిచోట్లా అంటించడం వల్ల వచ్చాయి.

ఇక అసలు సమస్యకు వద్దాం. టెన్సు కరెక్టుగా ఉండటం ఒకటి, నిలకడగా ఉండటం ఇంకొకటి. నిలకడ అంటే పేజీ మొత్తం ఒకే టెన్సులో రాయడం అని చాలామంది అనుకుంటారు. మన సీనియర్లు 'మొత్తం పాస్ట్‌లో రాసేయ్, సేఫ్' అని సలహా ఇస్తుంటారు. అది కూడా తప్పే. నిలకడ అంటే రాసేవాడు కాలంలో ఒక చోట నిలబడి, అక్కడి నుంచి ముందూ వెనకా చూపించడం.

అలిపిరి నుంచి నడిచిపోయే వాళ్ళ ఫోన్లు వింటే ఇది తెలుస్తుంది. 'అలిపిరిలో తెల్లారి ఐదుకు మొదలుపెట్టినాం. గాలిగోపురం దాటేసినాం. ఇప్పుడు నరసింహస్వామి గుడి కాడ ఉండాం. ఇంకా మోకాళ్ళ పర్వతం ఎక్కాల. సాయంత్రానికి పైకి చేరతాం.' ఐదు వాక్యాల్లో అయిపోయింది, దాటింది, ఇప్పుడున్నది, మిగిలింది, చేరబోయేది అన్నీ ఉన్నాయి. అయినా వినేవాళ్ళకు ఎక్కడా తికమక లేదు. ఎందుకంటే చెప్పే మనిషి ఒక మెట్టు మీద నిలబడి చెప్తున్నాడు. మన రిపోర్టులో మనం ఒక వాక్యానికి అలిపిరిలోనూ ఇంకో వాక్యానికి మహాద్వారం దగ్గరా ప్రత్యక్షమవుతాం. మధ్యలో మెట్లు కనపడవు.

రిపోర్టుకు ఆ మెట్టు ఏంటంటే, పని అయిపోయి రాయడానికి కూర్చున్న రోజు. అక్కడి నుంచి చూస్తే లెక్క తేలిక. మనం చేసిన పనులు పాస్ట్: డేటా సేకరించాం, మోడల్ ట్రెయిన్ చేశాం, ఫలానా యాక్యురసీ వచ్చింది. సిస్టమ్ చేసే పని ప్రెజెంట్: ఇది ఇమేజ్ తీసుకుంటుంది, లేబుల్ ఇస్తుంది. పటం చూపించేది ప్రెజెంట్: ఫిగర్ త్రీ షోస్. ఎందుకంటే పేజీ తెరిచిన ప్రతిసారీ ఆ పటం అదే చూపిస్తుంది, అది దాని తద్ధర్మం. చెయ్యనివి, చెయ్యాలనుకున్నవి చివర ఫ్యూచర్ వర్క్‌లో విల్‌తో. పెద్ద పెద్ద స్టైల్ మాన్యువల్స్ చెప్పేదీ దాదాపు ఇదే: చేసిన పద్ధతి, వచ్చిన ఫలితాలు పాస్ట్‌లో, వాటి నుంచి తేల్చిన మాట ప్రెజెంట్‌లో. మనకు రోజూ అవసరమయ్యే గిట్‌లో కమిట్ మెసేజ్‌కు ఇంకో పద్ధతి ఉంది. 'యాడెడ్' అని కాకుండా 'యాడ్' అని, కోడ్‌కు ఆజ్ఞ ఇస్తున్నట్టు రాయమని గిట్ ప్రాజెక్ట్ తన నియమాల్లోనే చెప్పుకుంది. ఏ చోటికి ఏ మెట్టు అనేది ముందే తేల్చుకుంటే చాలు.

పని జరిగిన కాలాన్ని, సాగాల్సిన కాలాన్ని విడదీసి రాయడం మన కొండకు కొత్త కాదు. తిరుమల గుడి గోడల మీద వందల శాసనాలున్నాయి. ఎక్కువ భాగం తమిళంలో, కొన్ని తెలుగు, కన్నడ, సంస్కృతాల్లో. 1930ల్లో దేవస్థానం వాటిని సంపుటాలుగా అచ్చు వేయించింది. శ్రీకృష్ణదేవరాయలు 1513 నుంచి 1521 లోపల ఏడుసార్లు కొండకు వచ్చాడని మనకు తెలిసింది ఆ రాతల వల్లే. దాన శాసనం సాధారణంగా నడిచే తీరు చూడండి. ఫలానా సంవత్సరం, ఫలానా తిథి. ఫలానా వాళ్ళు ఫలానాది సమర్పించారు: ఇది అయిపోయిన పని. దాని రాబడితో ఫలానా నైవేద్యం జరగాలి, సూర్యచంద్రులున్నంత కాలం: ఇది సాగాల్సిన పని. ఇచ్చింది ఏది, ఇకముందు జరగాల్సింది ఏది అన్నది కలగలిసిపోతే ఆ రాతకు విలువే లేదు. రేపు తగాదా వస్తే సాక్ష్యం ఆ రాయే మరి.

నాకు ఈ విషయం ఇంత ముఖ్యం అనిపించడానికి కారణం ఇదే. టెన్సు అనేది రాసేవాడి నిజాయితీకి సంబంధించింది. 'ద యాప్ సపోర్ట్స్ త్రీ లాంగ్వేజెస్' అని రాస్తాం. సపోర్ట్ చేస్తోందా, చేయబోతోందా? తెలుగులో 'సపోర్ట్ చేస్తుంది' అంటే రెండూ అవుతుంది కాబట్టి మన మనసు ఒప్పేసుకుంటుంది. ఇంగ్లీషులో 'సపోర్ట్స్' అంటే ఇప్పుడు ఉంది అని అర్థం. లేకపోతే అది అబద్ధం. 'వి టెస్టెడ్ విత్ యూజర్స్' అనేదానికీ 'వి విల్ టెస్ట్' అనేదానికీ మధ్య ఉన్నది గ్రామర్ తేడా మాత్రమేనా? ఒకటి పని, ఇంకొకటి మాట. ఎన్నో రిపోర్టుల్లో చెయ్యని పని ఈ టెన్సుల గజిబిజిలోనే దాక్కుంటోంది. కొన్నిసార్లు తెలియక, కొన్నిసార్లు తెలిసే.

రేపు ఉద్యోగంలో ఇది ఇంకా పదునెక్కుతుంది. 'ద సర్వర్ క్రాష్డ్' అంటే ఒకసారి పడింది, ఇప్పుడు లేచి ఉండొచ్చు. 'ద సర్వర్ హ్యాజ్ క్రాష్డ్' అంటే పడి ఉంది, లేపండి. 'ద సర్వర్ క్రాషెస్' అంటే మాటిమాటికీ పడే రోగం ఉంది, కారణం వెతకండి. అర్ధరాత్రి ఆ మెసేజ్ చదివే మనిషి చెయ్యాల్సిన పని మూడింటిలో మూడు రకాలు. రోగి గురించి డాక్టర్‌కు రాసే చీటీలోనూ అంతే. జ్వరం ఉండేది, ఉంది, వస్తూ పోతూ ఉంది అనేవి ఒకటి కావు.

రెండు అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది: 'ఇవన్నీ ఏఐ దిద్దేస్తుంది కదా, మనకెందుకు?' దిద్దుతుంది. రూపం దిద్దుతుంది. కానీ మీరు టెస్టింగ్ చేశారో లేదో దానికి తెలియదు. 'విల్ టెస్ట్' అనే వాక్యం పక్కన 'టెస్టెడ్' అనే వాక్యం ఉంటే, నిలకడ కోసం రెండింటినీ 'టెస్టెడ్' చేసి నున్నగా తిరిగి ఇస్తుంది. చూడటానికి బాగుంటుంది. అబద్ధం మాత్రం మీ పేరు మీద ఉంటుంది.

రెండోది: 'ఇంగ్లీషు వాడిదేం గొప్ప? మన ఇంగ్లీషు మనది.' దీంతో నేను చాలావరకు ఏకీభవిస్తాను. మన యాస మనది, దానికి సిగ్గుపడాల్సిన పని లేదు. ప్రీపోన్ లాంటి మాట మన ఇంగ్లీషులో బాగా వాడుకలో ఉంది, మంచి మాట. టెన్సు తప్పిన ఫ్రెండ్‌ని స్టేజీ మీద చూసి కిసుక్కున నవ్వేవాళ్ళంటే నాకు చిరాకు. వాళ్ళలో చాలామందికి 'పోయుండాడు'కీ 'పోయొచ్చినాడు'కీ తేడా తెలియదు, పైగా అలా మాట్లాడేవాళ్ళని చూసి కూడా నవ్వుతారు. కానీ యాస మారితే అర్థం మారదు, కాలం మారితే అర్థం మారుతుంది. సరిచేసుకోవాల్సింది దాన్ని మాత్రమే.

ఒక భాష కోసం ఇంకోటి వదులుకోవాలన్న రూల్ ఎక్కడా లేదు. చిత్తూరు పక్కన కట్టమంచిలో పుట్టిన సి.ఆర్. రెడ్డి గారు కేంబ్రిడ్జిలో చదివారు. ఇంగ్లీషు ఉపన్యాసాలకు పేరు మోశారు, 1926లో ఆంధ్రా యూనివర్సిటీకి మొదటి వైస్ ఛాన్సలర్ అయ్యారు. 'కవిత్వతత్త్వ విచారము' రాసింది కూడా ఆయనే, తెలుగులో.

మన క్లబ్‌కు నాదొక ప్రతిపాదన. ఈ సెమిస్టర్ రిపోర్టులు సబ్మిట్ చేసే ముందు ఒక సాయంత్రం కూర్చుందాం. ఎవరి పేజీ వాళ్ళు తెచ్చుకోండి. ప్రతి వాక్యాన్నీ ముందు మీ ఇంటి తెలుగులో, పుస్తకాల తెలుగులో కాదు, ఇంట్లో అమ్మకు చెప్పినట్టు చెప్పండి. చేసినామా, చేస్తా ఉండామా, చేసుండామా, ఎప్పుడూ అట్లే చేస్తుందా, చెయ్యాలనుకుంటా ఉండామా? సమాధానం తేలాక ఇంగ్లీషు క్రియ దానంతట అదే వస్తుంది. పన్నెండు గళ్ళ చార్టు ఆ రోజుకు అవసరం ఉండదు.

'చెయ్యలేదు' అని సమాధానం వచ్చిన వాక్యాలు కొన్ని ఉంటాయి. వాటిని ఫ్యూచర్ వర్క్‌లోకి మార్చండి. లేదా, ఇంకా టైమ్ ఉంటే, పోయి ఆ పని చెయ్యండి.